తోలు లేని సంచి

మొన్నటి వానకి నా హ్యాండ్‌బ్యాగు
సగం ఒలిచిన చామదుంపలా అయింది.
గచ్చిబౌలి మాల్‌లో కొన్నప్పుడు
చీటీ మీద ఆకుపచ్చ ఆకు,
దాని కింద బంగారు రంగులో ‘వీగన్ లెదర్’.
జంతువుని చంపలేదన్న మాట నిజమే.
దేంతో చేశారో మాత్రం
ఆ ఆకు చెప్పలేదు.

రెండేళ్లు నిండలేదు,
నల్లటి పొరలు రాలి
మెట్రోలో పక్కామె తెల్ల చున్నీకి అంటుకున్నాయి.
సారీ చెప్పి, ముషీరాబాద్ వచ్చేదాకా
బ్యాగుని కడుపులో దాచుకున్నాను.

సుల్తాన్ బజార్‌లో జిప్పులేసే ఖయ్యూం భాయ్
గోటితో గీకి, వాసన చూసి
"రెగ్జినే కదమ్మా, పేరు మార్చుకున్నది" అన్నాడు.
"దారం ఆగుతది, ఇది ఆగది."
మరి పారేస్తే?
"మీరు పోతరు, నేను పోత. ఇది ఉంటది."
చూసినందుకు డబ్బులు తీసుకోలేదు.

మా తాత బక్కయ్య
తంగేడు చెక్క నానిన లందలో
మోచేతుల దాకా మునిగిన మనిషి.
ఆయన కుట్టిన చెప్పులు ఊరంతా తొడుక్కుంది,
ఆయన చేతి నీళ్లు తాగలేదు.
నేను తోలు కొననని తెలిసి
ఆఫీసులో ఒకామె
"అబ్బ, ఆ కంపు నాకూ పడదు" అంది, స్నేహంగా.
చెవులు వేడెక్కాయి.
నేను వద్దన్నది దూడ కళ్లని చూసి,
తాత చేతుల్ని చూసి కాదు.
రెండూ ఒకటి కాదని
లంచ్ డబ్బా మూత పెట్టేలోగా ఎలా చెప్పను?
చెప్పలేదు.
పెరుగన్నం కలుపుకున్నాను.

ఈసారి కొనేముందు సంచిని తిరగేశాను.
లోపలి గుడ్డ బయటికి లాగి కుట్లు లెక్కపెట్టాను,
పట్టీ మొదట్లో పట్టుకుని గుంజాను.
దేని నార? మీద ఏం పూత?
చిరిగితే మీరే కుడతారా?
"ఇన్ని ఎవరూ అడగరు మేడం" అంది కౌంటర్ పిల్ల ప్రహర్షిత,
విసుగ్గా కాదు, కొంచెం భయంగా.
అనాస ఆకుదొకటి, నాగజెముడుదొకటి,
పుట్టగొడుగుది మరీ మెత్తగా ఉంది.
ధరలు చూసి నా జీతం దగ్గింది.

చివరికి మెట్టుగూడలో సువార్తమ్మ మిషన్ దగ్గర తేలాను.
మందపాటి కాన్వాసు,
లోపల మా అమ్మ పాత పోచంపల్లి చీర చెంగు.
పట్టీ కుట్టే చోట సూది విరిగింది.
ఇంకొకటి వేస్తే అదీ విరిగింది.
"నాలుగు మడతలు నా మిషన్ మొయ్యదు తల్లీ."
ఇంటికెళ్లి
అటక మీది రేకు డబ్బాలోంచి తాత ఆరె తెచ్చాను.
పిడి మీద ఆయన బొటనవేలంత పల్లం,
నా వేలు అందులో వదులుగా కూర్చుంది.
తోలు తప్ప ఎరగని ఇనుము
కాన్వాసు ముందు ఒక్క క్షణం ఆగింది.
తర్వాత దిగింది.

దీనికి ఇప్పుడు నా ఆదివారాల్లో చోటుంది.
బోర్లించి దులిపితే
ఒక పల్లీ పొట్టు, రెండు రూపాయల బిళ్ల,
ఎప్పుడో వెతికి వదిలేసిన చెవి దిద్దు.
మరక పడితే కుంకుడు నురుగు, పాత టూత్‌బ్రష్,
అంచు నుంచి నడిమికి, నెమ్మదిగా.
పిండను. ఎండ చూపించను.
నీడపట్టున తలకిందులుగా ఆరేస్తాను.
ముసురు పట్టిన రోజుల్లో లోపల
పాత పేపరు ఉండలు, గుప్పెడు ఎండు వేపాకు.
కొక్కేనికి తగిలిస్తే పట్టీ సాగుతుందని
అరలో కూర్చోబెడతాను, పెద్దమనిషిలా.
ఇరానీ చాయ్ మరకొకటి పోలేదు.
ఉండనీ, నాంపల్లి గుర్తు.

పాత బ్యాగు ఇంకా ఉంది.
బాల్కనీలో, బట్టల క్లిప్పులు వేసి.
రోజూ కాసిన్ని నల్లటి పొరలు రాలుస్తుంది.
పొద్దున్నే ఊడుస్తాను.
ఎక్కడికి ఊడుస్తున్నానో మాత్రం
ఇంకా చూడటం లేదు.